పదిహేడు వందల గ్రాములు

కోత 1వ రోజు

పొద్దున అరవై ఒక్క మందినీ తూచాను. ఎర్ర గ్రహం మీద మేముండే ఈ ఎర్రమెట్టలో మనిషి బరువు భూమ్మీద ఉన్నదాంట్లో మూడో వంతుకు కాస్త ఎక్కువ చూపిస్తుంది. ప్రతి అంకెనూ భూమి తూకంలోకి మార్చి రాసుకునేసరికి మధ్యాహ్నమైంది.

యాకోబు గారి వంతు వచ్చినప్పుడు ఆయన తూనిక మీద నిలబడి, తల వంచి అంకె చూసుకున్నాడు. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి. ఈ గుట్ట కింద నీటి గొట్టాలన్నీ ఆయన చేత్తో బిగించినవే.

"అమ్మాయ్, నీ యంత్రం చెడిపోయిందేమో చూసుకో. నేనింత తేలికగా పెళ్ళినాడు కూడా లేను" అన్నాడు.

వెనక నిలబడ్డ ఆయన భార్య మార్తమ్మ, "పెళ్ళినాడు నువ్వెంతున్నావో నాకు తెలవదా, దిగు. జనం నిలబడుండారు" అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఇవాళ విన్న నవ్వు అదొక్కటే.

నాచు తొట్లు తెల్లబడి పన్నెండు రోజులైంది. ఆరింట్లో అయిదు చచ్చిపోయాయి. మేం తినేదాంట్లో సగానికి పైగా ఆ నాచు పిండే. మళ్ళీ వేసిన నాచు ఎదిగి పిండి కావడానికి తొంభై రోజులు పడుతుందని డాక్టర్ షాహిదా చెప్పింది. భూమి నుంచి సరుకుల ఓడకు ఇంకా పద్నాలుగు నెలలుంది. అందుకని ఇవాళ్టి నుంచి మనిషికి రోజుకు పద్నాలుగు వందల కేలరీలు, సొరంగం తవ్వేవాళ్ళకు పద్దెనిమిది వందలు. దీనికి అందరూ కోత అని పేరు పెట్టేశారు.

ప్రతి ఒక్కరి చేతికీ కడియం ఉంది. ఇన్నాళ్ళూ నాడి చూడటానికే వాడేవాళ్ళం. ఇప్పుడది తిన్న తిండిని నెత్తురులో కనిపెట్టి, ఇంకా ఎన్ని కేలరీలు మిగిలాయో చూపిస్తుంది. ఎవరైనా లెక్క దాటితే వాళ్ళ పేరు నా పలక తెర మీదికి వస్తుంది. ఆ జాబితా చూసేది నేనొక్కదాన్నే. రాజమహేంద్రవరంలో పదిహేనేళ్ళు జనానికి ఏం తినాలో, ఎంత తినాలో రాసిచ్చినదాన్ని. ఈ పని నాకివ్వడం ఎవరికీ వింతగా అనిపించలేదు.

కోత 6వ రోజు

జాబితాలోకి ఇవాళ నలుగురు వచ్చారు. అందరూ ముప్పై, నలభై కేలరీలు దాటినవాళ్ళే. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి చెప్పాను. ఒకతను ఏడ్చాడు. గిన్నె అడుగు గీకాడట, అంతే.

వంట చూసే నర్సవ్వ గరిటెలన్నిటికీ గీతలు గీసింది. జావ ఆ గీత దాటకూడదు. "చెల్లె, నేను గిట్ల గీత చూసుకుంట ఎన్నడు వడ్డించలే. చెయ్యి గీత కాడ ఆగుతలేదు" అంది. ఆమెది సిద్దిపేట దగ్గర. ఎదుటివాడు చాలన్నా ఇంకో గరిటె వేసే అలవాటు.

ఆకలి ఇప్పుడు కడుపులో లేదు, నోట్లో ఉంది. పలక మీద అంకెలు రాస్తున్నా చెంపల లోపల నీళ్ళూరుతున్నాయి.

కోత 9వ రోజు

మందుల గది పక్కన ఒక చిన్న కొట్టు ఉంది. అందులో నాలుగు పాలపొడి డబ్బాలున్నాయి. ఒక్కొక్కటి కిలో. జబ్బుపడ్డవాళ్ళ కోసం పక్కన పెట్టినవి. తాళం నా దగ్గరే ఉంటుంది. తొట్ల గదికి దగ్గర కాబట్టి ఆ కొట్టులోకి తేమ చేరుతుంది. వారానికోసారి డబ్బా తెరిచి, పొడి చెంచాతో కదిపి, గడ్డ కట్టిందేమో చూడాలి. అది నా పనే.

ఇవాళ మొదటి డబ్బా తెరిచాను. వాసన వచ్చింది. గడ్డలేం లేవు. చెంచా మీద పొడి మిగిలింది. మళ్ళీ డబ్బాలో వేయబోయి, నోట్లో పెట్టుకున్నాను.

అది అంగిటికి అంటుకుని కాసేపు కదల్లేదు. తర్వాత కరిగింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఇంకో చెంచా తిన్నాను. మూడోదీ తిన్నాను. అప్పుడు కడియం చేతి మీద చిన్నగా అదిరింది. పలక తెరిస్తే జాబితాలో నా పేరుంది. నూట ముప్పై కేలరీలు. నా పేరు కొట్టేశాను. కొట్టేయడానికి ఒక్క వేలు చాలు.

కోత 10వ రోజు

నాకు పన్నెండేళ్ళప్పుడు మా అమ్మ నా దోసెలు లెక్కపెట్టేది. నేను లావుగా ఉండేదాన్ని. రెండో దోసె అడిగితే, పెనం మీంచి తీసి, నా వంక చూసి, అన్నయ్య కంచంలో వేసేది. మధ్యాహ్నాలు అమ్మ పడుకున్నాక వంటింట్లో తలుపు చాటున నిలబడి ఏది దొరికితే అది తినేదాన్ని. తిన్నదానికంటే తిన్నాక వచ్చే భయమే ఎక్కువ గుర్తుంది.

అందుకేనేమో, నా దగ్గరికి వచ్చేవాళ్ళను నేనెప్పుడూ తిట్టలేదు. బ్యాంకులో పనిచేసే ఒకావిడ, అక్క కూతురి పెళ్ళిలో రెండు మైసూరుపాకులు తిన్నానని నా ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంది. "అది నేరం కాదండీ. పుస్తకంలో రాసేయండి, మర్చిపోండి. రేపు మామూలుగా తినండి" అన్నాను. ఆ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. అక్కడ అది నిజం. వాళ్ళు తిన్న మైసూరుపాకు ఇంకొకరి నోటి దగ్గరది కాదు.

నిన్నటిది అందరి తిండి లెక్కలు రాసే కొలత పుస్తకంలో రాయలేదు. ఈ సొంత పుస్తకంలో రాశాను కాబట్టి కొంత నయం అనుకున్నాను. ఏం నయం?

కోత 16వ రోజు

మళ్ళీ తిన్నాను. వారం తనిఖీ ఇవాళే, కానీ మధ్యలో నాలుగుసార్లు కొట్టులోకి వెళ్ళాను. తేమ ఎక్కువగా ఉందని ఎవరూ అడగకుండానే వంట గదిలో చెప్పాను. ఇవాళ ఎనిమిది చెంచాలు. తింటున్నంతసేపూ ఇదే చివరిసారి అనుకుంటాను. చివరిసారి కదా అని ఇంకొంచెం తింటాను.

బయటికి వచ్చాక మిగతావాళ్ళ జాబితా చూశాను. ఒకే ఒక్క పేరుంది, సొరంగంలో పనిచేసే కుర్రాడిది, ఇరవై కేలరీలు. అతన్ని పిలిచి మందలించాను. నా గొంతు మామూలుగానే ఉంది. దానికే నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది.

కోత 30వ రోజు

మొదటి డబ్బా ఖాళీ అయి వారం దాటింది. అడుగు అరలో వెనక్కి పెట్టాను. రెండోది సగానికి పైగా పోయింది. ఇవాళ మిగిలిన పొడి తూచాను. ఇప్పటిదాకా నేను తిన్నది పదిహేడు వందల గ్రాములు. ఎనిమిది వేల అయిదు వందల కేలరీలు.

మొన్న మళ్ళీ మనుషుల్ని తూచినప్పుడు అందరూ సగటున మూడు కిలోలు తగ్గారు. నేను కిలో తగ్గాను. నాది మూడని రాశాను.

ఇక ఆపేశాను. తాళంచెవి డాక్టరుకు ఇచ్చేద్దామని రెండుసార్లు ఆమె గది దాకా వెళ్ళాను. ఎందుకిస్తున్నావని అడిగితే ఏం చెప్పాలో తెలియక తిరిగి వచ్చాను.

కోత 31వ రోజు

జ్వరం వచ్చింది. తవ్వేవాళ్ళలో ఇద్దరికి, యాకోబు గారికి. ఊపిరితిత్తుల్లో నెమ్ము. షాహిదా నన్ను పిలిపించింది.

"ముగ్గురికీ రోజుకు వంద గ్రాముల పాలపొడి ఇద్దాం. జ్వరం రెండు వారాలుంటుంది. నాలుగు కిలోలున్నాయిగా, పదమూడు రోజులకు సరిపోతుంది. ఆ పైన చూసుకుందాం" అంది.

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా.

"నాలుగు కిలోలు లేవు డాక్టరుగారూ. తేమకి గడ్డకట్టి బూజు పట్టింది. డబ్బాన్నరకు పైగా పారేయాల్సి వచ్చింది" అన్నాను.

ఆమె నన్ను తప్పు పట్టలేదు. కాగితం మీద ఏదో లెక్క వేసుకుంది. "అయితే అరవై చేద్దాం" అంది.

అరవై. ఇంత తేలికగా అయిపోతుందని నాకు తెలియదు.

కోత 34వ రోజు

నా జావలో సగం గిన్నెలో పోసుకుని యాకోబు గారి గదికి తీసుకెళ్తున్నాను. మూడు రోజులుగా ఇదే. జబ్బు మనిషికి ఎక్కువ పడాలని డాక్టరు చెప్పిందని మార్తమ్మతో అన్నాను.

ఆయన పడుకునే ఉన్నాడు. "ఇది నీ వంతులోది కాదు కదమ్మా?" అని అడిగాడు.

"కాదండి."

"సగం దాచి పెట్టవే" అని భార్యతో అన్నాడు. "తర్వాత నువ్వు తిందువు."

"నాకెందుకు? నోరు మూసుకుని తాగు" అంది మార్తమ్మ. చెంచాతో ఆమే తాగించింది. ప్రతి చెంచాకూ ఆయన కంటే ముందు ఆమె నోరు తెరుచుకుంటోంది. ఆ సంగతి ఆమెకు తెలియదు.

నేను అరవైకీ వందకీ మధ్య ఉన్న నలభై గ్రాముల్ని జావతో పూడ్చుదామని చూస్తున్నాను. నలభై గ్రాములంటే రెండు వందల కేలరీలు. అంకెల్లో అంతకంటే ఎక్కువే పడుతోంది. కానీ జావ పాలపొడి కాదు, అన్ని మాంసకృత్తులు అందులో ఉండవు. నాకది తెలుసు. పదిహేనేళ్ళు జనానికి చెప్పినదాన్ని.

కోత 40వ రోజు

నిన్న వడ్డన దగ్గర పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి మందుల గదిలో ఉన్నాను. కడియం చూసి షాహిదాకు విషయం తెలిసింది, వారం పైగా నేను సగమే తింటున్నానని. మార్తమ్మ మిగతాది చెప్పింది. సాయంత్రానికి అందరికీ తెలిసిపోయింది. తన తిండి ముసలాయనకు పెట్టి పడిపోయిందని.

ఒకరి తర్వాత ఒకరు వచ్చి చూసి వెళ్ళారు. నేను మందలించిన కుర్రాడు వచ్చి, "మేడమ్, మీరు మమ్మల్ని అడిగినప్పుడు కోపం వచ్చేది. ఏమనుకోకండి" అన్నాడు. నర్సవ్వ నా తల ఒళ్ళో పెట్టుకుని, తన గిన్నెలోది నా నోట్లో పెట్టింది. "నువ్వు దేవతవే చెల్లె. కానీ గిట్ల జేస్తే నువ్వు గూడ పోతవ్" అంది.

తర్వాత షాహిదా ఒక గ్లాసు తెచ్చింది. పాలు. ముప్పై గ్రాముల పొడి కలిపిందట. వద్దన్నాను. "మాట్లాడకండి. రెండు రోజులు తాగాలి" అంది.

తాగాను. నలుగురూ చూస్తుండగా, నర్సవ్వ గ్లాసు పట్టుకుని ఉండగా. రుచిగా ఉంది. ఇప్పుడు కూడా రుచిగానే ఉంది.

కోత 42వ రోజు

పాలపొడి అయిపోయింది. తవ్వేవాళ్ళిద్దరూ లేచి తిరుగుతున్నారు. యాకోబు గారికి జ్వరం తగ్గలేదు.

కోత 46వ రోజు

పొద్దున పదింటికి యాకోబు గారు పోయాడు. మార్తమ్మ ఆయన పాదాలు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది, చల్లబడకుండా ఆపుదామన్నట్టు.

షాహిదాను పక్కకు పిలిచి అడిగాను. "రోజుకు వంద గ్రాములు పడి ఉంటే బతికేవాడా?"

"చెప్పలేను. వయసు మీద పడ్డ ఊపిరితిత్తులు. పడి ఉంటే ఇంకొంచెం బలం ఉండేది. అది సరిపోయేదో లేదో ఎవరూ చెప్పలేరు" అంది. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "మీరు చేయగలిగింది చేశారు" అంది.

ఆ చెయ్యి బరువు మోయలేకపోయాను.

కోత 47వ రోజు

మధ్యాహ్నం అందరూ భోజనాల గదిలో ఉన్నప్పుడు లేచి నిలబడ్డాను. ముందుగా ఏం అనుకున్నానో అవేమీ నోటికి రాలేదు.

"పాలపొడి బూజు పట్టలేదు. నేను తిన్నాను" అన్నాను.

గరిటెల చప్పుడు ఆగింది. నర్సవ్వ వడ్డన బల్ల వెనకనుంచి, "ఎంత?" అని అడిగింది.

"పదిహేడు వందల గ్రాములు."

"ఎప్పుడు?"

"తొమ్మిదో రోజు నుంచి ముప్పయ్యో రోజు దాకా. ఆయనకు జ్వరం రాకముందే."

ఎవరూ అరవలేదు. అరుస్తారేమోనని చూశాను. పడిపోయినప్పుడు నన్ను చూడటానికి వచ్చిన కుర్రాడు గిన్నె వదిలేసి బయటికి వెళ్ళిపోయాడు. షాహిదా లేచి వచ్చి చెయ్యి చాపింది. తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను. ఆమె నా ముఖం చూడలేదు. నర్సవ్వ మాత్రం చాలాసేపు చూసింది.

"నా బువ్వ నీ నోట్ల పెట్టిన" అంది. అంతే. మళ్ళీ గరిటె తీసుకుంది.

మార్తమ్మ అక్కడ లేదు. ఆమెకు ఎవరో చెప్పి ఉంటారు.

కోత 52వ రోజు

జాబితా, ఎవరికెన్ని కేలరీలు మిగిలాయో సహా, ఇప్పుడు భోజనాల గది గోడ మీద అందరికీ కనిపిస్తుంది. కొలత పని తవ్వేవాళ్ళలో ఒకమ్మాయికి ఇచ్చారు. నాకు గొట్టాలు తుడిచే పని పడింది. అవి యాకోబు గారు బిగించిన గొట్టాలు. కలిసి పనిచేసేవాళ్ళు అవసరమైన మాటలే మాట్లాడతారు. అది న్యాయమే.

అయిదు రోజులుగా రోజుకు ఆరు వందలు దాటి తినలేదు. గోడ మీద నా పేరు ఎదురుగా, మిగిలిన అంకె పెద్దగా కనిపిస్తోంది. ఇవాళ నర్సవ్వ గొట్టాల దగ్గరికి వచ్చింది. చేతిలో మూత పెట్టిన గిన్నె ఉంది.

"గోడ మీద నీ పేరు చూస్తున్న. తినకుంట ఎవరికి చూపిస్తున్నవ్?"

"చూపించడానికి కాదు నర్సక్కా. దిగడం లేదు."

"అప్పుడు దిగింది గద."

నేను మళ్ళీ గొట్టం తుడవడం మొదలుపెట్టాను.

"నీ గిన్నెల మిగిలింది ఎవరు ముట్టుకుంటలేరు, రోజూ పారబోస్తున్న. ఆయనకు లేకుంట చేసింది చాలదా? ఉన్నది గూడ మట్టిపాలు చేస్తవా? నువ్వు ఎండితే ఆయన లేస్తడా?" ఆమె గొంతు పెంచలేదు. గిన్నె నా చేతుల్లో పెట్టింది. బరువు చూస్తే అందులో ఇద్దరికి సరిపడా జావ ఉన్నట్టుంది. "మార్తమ్మ నాలుగు దినాల సంది ఏం తింటలేదు. నేను పోయిన, డాక్టరమ్మ పోయింది. నోరు తెరుస్తలేదు. నువ్వు పో."

"నేనా? నన్ను చూస్తే ఆమె..."

"తిడుతది. తిట్టనీ. తిట్టేటందుకన్న నోరు తెరుస్తది."

"నన్ను క్షమించావా నర్సక్కా?"

"క్షమించలే" అంది. "జావ చల్లారుతున్నది, పో."

అదే రోజు, తర్వాత

మార్తమ్మ గది తలుపు తెరిచే ఉంది. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. రెండో మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది. నేను గిన్నె బల్ల మీద పెట్టి నిలబడ్డాను. తిడుతుందనే ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"కూర్చో" అంది చివరికి.

కింద కూర్చున్నాను.

"ఎట్టా తిన్నావు? చెప్పు."

"ఎట్టా అంటే..."

"నీళ్ళలో కలిపా, ఉత్తదేనా?"

"ఉత్తదే. చెంచాతో."

"బాగుందా?"

అబద్ధం చెప్పాలనిపించింది. బూడిదలా ఉందనీ, ప్రతి చెంచా విషంలా దిగిందనీ చెప్పాలనిపించింది. "బాగుంది" అన్నాను. "చాలా బాగుంది. అందుకే ఆపలేకపోయాను."

ఆమె తలూపింది. ఆ జవాబే వస్తుందని ముందే తెలిసినట్టు.

"ఆయనకీ ఉత్తదే ఇష్టం. ఒంగోల్లో ఉన్నప్పుడు పిల్లల పాలపొడి డబ్బాలో చెయ్యి పెట్టి తినేవాడు. మూతికి తెల్లగా అంటుకునేది. తినలేదని నా మీద ఒట్టేసేవాడు." రెండో మంచం మీది దుప్పటి వైపు చూసింది. "ఇక్కడ మాత్రం చివరి రోజుల్లో గ్లాసు సగం తాగి, నువ్వు తాగవే అని నాకిచ్చేవాడు. రెండుసార్లు తాగాను. ఆకలికి ఆగలేక తాగాను. ఆయన మంచంలో ఉండగా, ఆయన గ్లాసులోది."

అప్పుడు అర్థమైంది, నాలుగు రోజులుగా ఆమె నోరు ఎందుకు తెరవలేదో.

"ఆయన ఇచ్చాడు మార్తమ్మా. మీరు దొంగతనం చేయలేదు. మీరూ నేనూ ఒకటి కాదు."

"కాదులే" అంది. "నువ్వు చేసింది నేనెప్పుడూ మర్చిపోను. నువ్వు మంచిదానివని ఆయన నాతో అన్నాడు, నువ్వు జావ తెచ్చినప్పుడు. అది తల్చుకుంటే నాకు కడుపు మండిపోద్ది."

ఏడవకూడదనుకున్నాను. నా ఏడుపు కూడా ఆమే చూడాలా అనుకున్నాను.

ఆమె గిన్నె వైపు చూసింది. "మూత తియ్యి. ముందు నువ్వు తిను. నేను చూస్తా."

ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాను. ఆమె కళ్ళు తిప్పలేదు. మింగాను. కడియం మీద మిగిలిన అంకె కాస్త తగ్గింది. ఆమె చెయ్యి చాపింది. చెంచా ఇచ్చాను. తను ఒకటి తిని మళ్ళీ నాకిచ్చింది. ఒకే చెంచా అటూ ఇటూ తిరిగింది. మధ్యలో ఒకసారి నేను ఆగితే, "ఊఁ" అంది, పిల్లలకు తినిపించేటప్పుడు అన్నట్టు కాదు, పని చేసేవాళ్ళను కదిలించినట్టు.

గిన్నె ఖాళీ అవడానికి చాలాసేపు పట్టింది. ఆఖరి చెంచా ఆమె తింది. పమిట అంచుతో మూతి తుడుచుకుని, గోడకు తిరిగి పడుకుంది. నేను గిన్నె తీసుకుని లేచాను. తలుపు దాకా వచ్చాక వెనకనుంచి మాట వినిపించింది.

"ఉప్పు చాల్లేదు. రేపు సరిగ్గా వేయమని నర్సవ్వకు చెప్పు."